లంగరు మీద మా లింగమ్మత్త

ముందే చెప్పేస్తాండాను. ఈ కథలో ఎవురూ చావరు, పడవ మునగదు. కానీ ఒక్క పూటలో మా అత్త ఊళ్లో దేవుళ్లందర్నీ పేరుపేరునా పిలిచి, చాలక పక్క మండలం దేవుళ్లను కూడా పిలిచింది. మా నాయన తలగుడ్డ చెరువు పాలైంది. కట్ట మీద ఊరు ఊరంతా పనులు మాని పరిగెత్తింది. పదకొండేండ్లుగా ఒకరి మొగం ఒకరు చూడని ఇద్దరు మనుషులు మోకాటి లోతు బురదలో ఎదురెదురుగా నిలబడాల్సి వచ్చింది. ఇంత ఘనకార్యం చేసింది ఎవురో కాదు, నేనే. అప్పటికి నాకు ఇరవై ఏడేండ్లు. నా అంత పద్ధతైన మనిషి ఈ సీమలోనే లేదని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే మా కొంప ముంచింది. పడవను తప్ప.

మా ఊరు సోమందేపల్లె కాడ హైవే దిగి లోపలికి పోతే వస్తుంది. మా ఊరికి పెద్ద చెరువు ఉండాదని హైదరాబాదులో అందరికీ చెప్పుకునేదాన్ని. అది అబద్ధం కాదు. కట్ట ఉండాది, తూము ఉండాది, నిండినాక నీళ్లు పొర్లిపోయే మరవ ఉండాది. నీళ్లొక్కటే లేవు. నేను పుట్టినప్పట్నుంచి మాకు చెరువంటే తుమ్మకట్టెలు కొట్టుకొచ్చుకునే అడవి. అట్లాంటిది ఒక ఏడు దీపావళి ముందర పట్టిన వాన కార్తీకం ఆఖరు దాకా వదల్లేదు. చెరువు నిండి మరవ పారింది. మరవ పారడం చూసినోళ్లు ఊళ్లో ముసలోళ్లు తప్ప ఎవురూ లేరు. ఊరంతా కోళ్లు కోసి గంగమ్మకు పెట్టినాం. మా నాయన ఆ నీళ్లకల్లా చూసి, తలగుడ్డ విప్పి కండ్లు తుడుచుకుని, "ఇన్ని నీళ్లు ఇన్నాళ్లూ యాడ దాచిపెట్టింటివి తల్లీ" అని ఆకాశాన్ని అడిగినాడు.

నేనప్పుడు కంప్యూటరు ఉద్యోగం ఇంటి నుంచే చేస్తాంటిని. హైదరాబాదులో ఉన్నప్పుడు ఆదివారాలు పోయి తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాను. నేర్పిన పెద్దాయనకు వయసైపోయి, తన పాత పడవను ఎవురికైనా అప్పజెప్పాలని చూస్తాండాడు. ఇరవై అడుగుల పొడుగు, మధ్యలో చిన్న గది. ఆ గదిలో రెండు బల్లలు, ఒక పొయ్యి, ముందు మూల తలుపేసుకునే మరుగుదొడ్డి. ఒక మనిషి సుఖంగా సంసారం చేసుకోవచ్చు. నిండిన మా చెరువు ఫోటో చూపిస్తే ఆయన, "తీసుకుపో అమ్మా, దానికీ కొత్త నీళ్లు తగలనీ" అన్నాడు.

ఇంత పెద్ద ఇల్లుండంగా పడవలో ఏంటికి అంటారేమో. మా ఇంట్లో పదకొండు మంది. నేను ఆఫీసోళ్లతో మాట్లాడతాంటే ఒక పక్క మిక్సీ, ఒక పక్క టీవీ, ఈ రెండిట్నీ మించి మా లింగమ్మత్త. మా నాయనకు అక్క. మొగుడు పోయినప్పట్నుంచి మాతోనే ఉంటాది, ఇంటికి పెద్దదిక్కు, నోరు కూడా అంతే పెద్దది. ఒకరోజు మీటింగు నడుస్తాంటే నా వెనక వచ్చి నిలబడి, తెరమీద మా మేనేజర్ను చూసి, "ఏమబ్బాయా, నీది యావూరు? పెండ్లయిందా?" అని అడిగింది. ఆయన పాపం తెలుగోడే. "అయ్యిందమ్మా, ఇద్దరు పిల్లలు" అన్నాడు.

"అయితే గమ్మున పని చూసుకో" అనేసి పోయింది.

ఆ పొద్దే నిర్ణయించుకున్నాను, చెరువులో కాపురం పెట్టాల్సిందే అని.

పడవ లారీ మీద వచ్చింది. సోమందేపల్లెలో ఉగ్గాని తినడానికి ఆపితే హోటలు బయట జనం గుమికూడినారు. ఒక పెద్దమనిషి లారీ చుట్టూ రెండు మాట్లు తిరిగి, నా దగ్గరకొచ్చి చిన్నగా అడిగినాడు. "ఏమ్మా, సముద్రం ఈ పక్కకి వస్తాందని ఏమన్నా చెప్పినారా?"

"లేదు పెద్దాయనా, మా చెరువుకే."

"అట్లనా. వస్తే చెప్పు తల్లీ, మా మిద్దె రవంత పల్లంలో ఉండాది."

ఇంట్లో సంగతి చెప్పినప్పుడు మా నాయన తలగుడ్డ విప్పి మళ్ల చుట్టుకున్నాడు. ఆయన కోపం చెనిక్కాయ పంట మాదిరి, భూమి లోపలే పెరుగుతాది, పీకితే గానీ తెలీదు.

"ఎవురితో ఉంటావు?" అన్నాడు కడాకు.

"ఒక్కదాన్నే."

"నీళ్లు చూసి ఊళ్లో అందరికీ మతి చెడింది పాపా. నీకు రవంత ఎక్కువ చెడింది." మళ్ల ఆలోచించినాడు. "సరే, ముప్పై రోజులు ఉండు. ఎవురి సాయమూ అడగకూడదు. ఉప్పు కావాలన్నా నువ్వే పోయి తెచ్చుకోవాల. ముప్పయ్యో రోజు నేనూ అక్కా వచ్చి చూస్తాం. సంసారం సక్కంగా ఉంటే నీ ఇష్టం, ఎన్నాళ్లయినా ఉండు. లేకుంటే ఆ పడవను తెచ్చి కోళ్లగూడు చేస్తా."

అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. సక్కంగా ఉండడమంటే ఎట్లుంటాదో ఈ ఊరికి చూపిస్తా అనుకున్నాను.

పడవను కట్టకు రవంత దూరంలో, నీళ్లలో మునిగిన తుమ్మచెట్ల పక్కన లంగరు దింపి నిలిపినాను. పొద్దున లేస్తూనే పడవంతా గుడ్డపెట్టి తుడిచేది. అడుగున చేరిన నీళ్లు చెంబుతో తోడేది. సోలారు పలక మీద కొంగల రెట్ట కడిగేది. ఇరవై నాలుగు ప్లాస్టిక్ డబ్బాలు కొని, ఒక్కోదాని మీద అంకె రాసి, ఏ డబ్బాలో ఏముండాదో లాప్‌టాప్‌లో పట్టిక పెట్టుకున్నాను. కందిబేడలు ఏడు. సూదీ దారం పదకొండు. అంత అందంగా ఉండేది ఆ పట్టిక, అన్నం తినకుండా దాన్నే చూస్తా కూర్చునేదాన్ని.

ఇంక తాళ్లు. తెరచాప పడవంటే సగం తాళ్లే. తెర పైకి లాగే తాడు, కిందికి గుంజే తాడు, పక్కకి తిప్పే తాడు, లంగరు తాడు. ఇవన్నీ కాళ్ల కింద పడి ఉంటే చూడ్డానికి నాకు మనసొప్పలేదు. రాయదుర్గంలో మా వదిన జీన్స్ ప్యాంట్లు కుట్టే పని చేస్తాది. ఆమె ఇచ్చిన దారపు కండె ఒకటి నా దగ్గర ఉండె. ఆ దారం ఎట్లాంటిదంటే, ప్యాంటన్నా చినుగుతాది గానీ దారం తెగదు. ఒక్కో తాడును జిలేబీ మాదిరి గుండ్రంగా చుట్టి, ఆ దారంతో మూడు చోట్ల బిగించి, ముడి మీద ముడేసినాను. చుక్కాని పిడి గాలికి అటూ ఇటూ ఆడతా గిలక్కాయ మాదిరి సప్పుడు చేస్తాంటే దాన్ని కూడా కట్టేసినాను. ముప్పై రోజుల్లో పడవ ఒక్క మూర కదల్లేదు. అందుకని ఈ ముడులు ఎప్పుడన్నా విప్పాల్సి వస్తుందనే ఆలోచన నా పద్ధతైన బుర్రలోకి రానే లేదు. నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పినాడు, తాడు చేతికందేటట్లు ఉండాల, ఒక్క లాగుకు ఊడాల అని. ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ నోటుబుక్కు పంతొమ్మిదో డబ్బాలో ఉండె.

ముప్పయ్యో రోజు ఆదివారం. నాయనా అత్తా పది గంటలకు వస్తామన్నారు. నేను తెల్లారకముందే లేచి కడిగిందే కడిగినాను. అంతా అయినాక లంగరు తాడు గుర్తొచ్చింది. నెల రోజులు నీళ్లలో నాని, పాచి పట్టి, మురిగిన చేపల కంపు కొడతాంది. మా అత్త ముక్కు సామాన్యమైంది కాదు. పక్కింట్లో పప్పు మాడితే మా ఇంట్లో పొయ్యి ఆపేస్తాది. అందుకని లంగరు పైకి లాగి, బురదంతా కడిగి, తాడు సబ్బేసి రుద్ది, ఆరబెట్టి, జిలేబీ చుట్టి, రాయదుర్గం దారంతో కట్టి, గదిలో బల్ల కింద ఉండే పెట్టెలో పెట్టి మూతేసినాను. మరి పడవ నిలవాల కదా. పక్కనే నీళ్లలోంచి పైకి తేలిన తుమ్మకొమ్మకు ఒక చిన్న తాడు వేసి కట్టినాను. ఆ కొమ్మ నెల రోజులుగా నీళ్లలో కుళ్లుతాందని నాకు తోచలేదు. ముడి మాత్రం బ్రహ్మాండంగా వేసినాను. మీకు నమ్మకం లేకుంటే ఆ ముడి ఇప్పటికీ ఆ కొమ్మముక్కకే ఉండాది, చూపిస్తాను.

అప్పుడైనా గమ్మున ఉన్నానా, లేదు. తెరచాప ముప్పై రోజులుగా మడత విప్పలేదు. తెల్లటి తెర పైకి లేపి ఉంటే నాయన కట్ట మీద నుంచి చూస్తూనే నోరు తెరుస్తాడని ఆశపడినాను. ఆ తాడు ముడులు అరగంట కూర్చుని విప్పి, తెర లేపినాను. తాడును మళ్ల జిలేబీ చుట్టి కట్టేసినాను. గాలి పెద్దగా లేదు. తెర పెండ్లిపందిట్లో పరదా మాదిరి మెల్లగా ఆడతాంది. నిలబడి చూసుకుని నాకు నేనే ముచ్చటపడినాను.

చేపలు పట్టే ఓబులేసన్న తన గుండ్రటి తోలుపడవ, పుట్టిలో నాయన్నూ అత్తనూ తెచ్చి దింపినాడు. పడవ ఎక్కేటప్పుడు అత్త ఒక చేత్తో నా జుట్టు, ఇంకో చేత్తో నాయన మెడ పట్టుకుంది. ఆమె నడుముకు ఎప్పుడూ ఉండే వక్కాకు సంచి ఆ పొద్దూ ఉండాది. గదిలోకి దిగి, బల్ల మీద కుదురుగా కూర్చుని, చుట్టూ చూసింది. పొయ్యి చూసింది. డబ్బాలు చూసింది. బల్ల మీద వేలుపెట్టి రాసి, వేలు చూసుకుంది.

"దుమ్ము లేదే" అంది, అదేదో నేరమన్నట్లు.

"లేదత్తా."

"తాళ్లు ఎవురు కట్టినారు? పూలజడ మాదిరి ఉండాయి."

"నేనే అత్తా."

మా నాయన మీసం కింద ఏదో కదిలింది. ఇరవై ఏడేండ్లలో ఆ కదలిక నేను రెండుసార్లు చూసినాను. ఒకటి నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, ఇంకొకటి చెరువు నిండినప్పుడు. గెలిచినాననుకున్నాను. టీ పెడదామని పొయ్యి కల్లా తిరిగినాను.

అప్పుడు వచ్చింది తూర్పు నుంచి గాలి.

మా తావున నీళ్లకు కరువు గానీ గాలికి ఎప్పుడూ లేదు. గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. తెర ఒక్కసారి పొట్ట నిండా అన్నం తిన్నట్లు ఉబ్బింది. బయట టప్‌మని కొమ్మ విరిగిన సప్పుడు వినొచ్చింది. పొయ్యి మీద గిన్నె పక్కకు జరిగింది. నాయన గది బయట నిలబడి ఉండె. తెరకు కింద ఉండే అడ్డకొయ్య ఆయన తల మీదుగా తిరిగి, తలను వదిలిపెట్టి తలగుడ్డను మాత్రం తీసుకుని చెరువులో పారేసింది.

"పాపా," అన్నాడు నాయన, బోడితల తడుముకుంటా, "చెట్లు వెనక్కి పోతాండాయి."

"చెట్లు పోవడం లేదు నాయనా. మనమే పోతాండాం."

ఓబులేసన్న పుట్టిలో నిలబడి, మేము తన పక్కగా దాటిపోతాంటే మర్యాదగా అడిగినాడు. "అన్నా, యాడికి పోతాండారు?"

"నాకేం తెలుసప్పా, దీన్నడుగు" అన్నాడు నాయన.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాల. భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సంతోషం. ముప్పై రోజులు బాతుబొమ్మ మాదిరి నిలబడిన పడవ మొదటిసారి పడవ మాదిరి పరిగెత్తింది. ముందర నీళ్లు రెండుగా చీలి తెల్లగా లేస్తాండాయి. నేను పుట్టిన ఊరి చెరువులో, మా నాయన ఎద్దులు మేపిన నేల మీద, నేను పడవలో పోతాండాను. "నాయనా, చూడు ఎట్ల పోతాందో" అన్నాను.

"పోయేది అగుపడతాంది. నిలబెట్టేది చూపించు."

చుక్కాని పట్టుకున్నాను. పిడి కదల్లేదు. నేనే కట్టినాను కదా. విప్పబోయినాను. రాయదుర్గం దారం, ముడి మీద ముడి. గోళ్లు పోయినాయి గానీ ముడి రాలేదు. తెర దించుదామని ఆ తాడు కాడికి పరిగెత్తినాను. జిలేబీ. మూడు చోట్ల ముడి. పండ్లతో కొరికినాను. ఒక పన్ను ఆ పొద్దు నుంచి ఇప్పటికీ చల్లనీళ్లు తాగితే జివ్వుమంటాది.

"కత్తెర, నాయనా. కత్తెర కావాల."

"యాడుంది?"

"డబ్బాలో."

"యా డబ్బాలో?"

అంకె గుర్తు రాలేదు. పట్టిక లాప్‌టాప్‌లో ఉండాది. తెరిచినాను. అది కొత్త మార్పులు ఎక్కించుకుంటాంది, కొంచెం ఆగమంటాంది. పడవేమో ఆగేటట్టు లేదు. నాయన డబ్బాలు ఒక్కోటీ తెరిచి అరుస్తాండాడు. "కందిబేడలు. బట్టల క్లిప్పులు. ఇదేందో నల్లగా ఉండాది. చింతపండు. పాపా, చింతపండుకు తాళం ఏంటికి ఏసినావు?"

అప్పుడు లంగరు గుర్తొచ్చింది. అది పడేస్తే పడవ ఆగుతాది. గదిలోకి దూకినాను. లంగరు బల్ల కింద పెట్టెలో. ఆ బల్ల మీద మా అత్త. కండ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులా బల్ల అంచు పట్టుకుని, "పెనుగొండ తిమ్మప్పా, కదిరి నరసిమ్మా, గంగమ్మా, సుంకులమ్మా" అని వరసగా పిలుస్తాంది.

"అత్తా, రవంత లెయ్యి."

"నేను లెయ్యను."

"నీ కింద లంగరు ఉండాదత్తా. అది తీస్తే పడవ నిలబడతాది."

"నేను లేస్తే నేను నిలబడను."

"నాయన నిన్ను పట్టుకుంటాడు."

"వాడికే దిక్కు లేదు, తలగుడ్డ పోగొట్టుకున్నోడు. నేను లెయ్యను. ఎల్లమ్మా, మారెమ్మా, నువ్వు నడుమ మాట్లాడించొద్దే, ఎవుర్ని పిలిచినానో మర్చిపోతాండా."

ఆమె రెండు బస్తాల బియ్యం బరువు ఉంటాది. బల్ల మూత కింద వేళ్లు పెట్టి నేను లేపడానికి చూస్తే అత్త నన్ను కాలితో నెట్టింది. అట్ల ఉండాది మా పరిస్థితి. పడవను ఆపేది పడవలోనే ఉండాది, దాని మీద మా అత్త ఉండాది, అత్త మీద దేవుళ్లందరూ ఉండారు.

కట్ట మీద జనం మా కూడా పరిగెత్తతాండారు. కొందరు దావ చూపిస్తాండారు, ఈ పక్కకి రా, ఆ పక్కకి పో అని, నేనేదో ఎద్దులబండి తోలుతాన్నట్లు. చెరువు అవతలి కొస దగ్గరవుతాంది. ఆ కొసలో నీళ్లు మోకాలు లోతు, అవతల వరిమడి. ఆ మడి ఎవురిదో చూసి మా నాయన మొగం నల్లబడింది.

"పాపా, యాడికన్నా పోనీ. ఆడికి మాత్రం వద్దు."

అది చెన్నప్ప చిన్నాయనది. నాయనకు వరసకు తమ్ముడు. పదకొండేండ్ల కిందట ఆయన మా చేని గట్టు పక్కనే బోరు వేసినాడు. ఆయన బోరులో నీళ్లు పడినాయి, మా బోరు ఎండింది. నా నీళ్లు లాగేసుకున్నాడని నాయన, భూమి లోపల నీళ్లకు నీ పేరు రాసిపెట్టినారా అని ఆయన. ఆ పొద్దు నుంచి మాటల్లేవు. పెండ్లిండ్లలో కూడా వేర్వేరు పంక్తుల్లో కూర్చునేవాళ్లు. ఇప్పుడు చెరువు నిండి ఇద్దరి బోర్లూ పొంగుతాండాయి. ఆ మాట మాత్రం ఎండినట్లే ఉండాది.

"అత్తా, నీ సంచిలో అడకత్తెర ఉండాది కదా" అన్నాను, ఉన్నట్టుండి వెలిగి.

ఆమె కండ్లు తెరవకుండానే సంచి విప్పి, వక్కలు కత్తిరించే అడకత్తెర తీసిచ్చింది. "పదునుగుండాది, జాగ్రత్త" అని కూడా చెప్పింది. దాన్ని పట్టుకుని బయటికి పరిగెత్తినాను. చుక్కాని దారం తెంచాలా, తెర దారం తెంచాలా? ఆలోచించేంత సమయం లేదు. నాయన నా చేతిలోంచి అడకత్తెర లాక్కుని, చేతికందిన తాడును, దారాన్ని కాదు, తాడునే, వక్కను కొరికినట్లు కరకరా కొరికేసినాడు.

అది తెరను పైకి పట్టుకున్న తాడు.

తెరంతా ఒక్కసారి మా మీద పడింది. తెల్లగా, బరువుగా, సబ్బు వాసనతో. నాకేమీ అగుపడలేదు. నాయన చెయ్యి నా చెవిని పట్టుకుంది. కింద పడవ అడుగు మెత్తగా బురదలోకి సొచ్చుకుపోయి, ఒక పెద్ద నిట్టూర్పు విడిచినట్లు ఆగింది. లోపల్నుంచి అత్త గొంతు మాత్రం వినొస్తాంది. "పుట్టపర్తి పక్కన చిన్న ఆంజనేయస్వామి, పేరు మర్చిపోయినా సామీ, కోపం చేసుకోవద్దు."

చెన్నప్ప చిన్నాయన తర్వాత చెప్పినాడు, ఆయనకు అగుపడింది ఏందంటే, మనుషులు లేని పడవ ఒకటి గుడ్డ కప్పుకుని చెరువులోంచి వచ్చి మడిలో నిలబడి, లోపల్నుంచి దేవుళ్ల పేర్లు చదువుతాంది. ఎనుములు తోక లేపి పరిగెత్తినాయి. ఆయన కూడా పరిగెత్తేవాడే గానీ కాళ్లు బురదలో దిగబడినాయి.

నేను తెర తప్పించుకుని తల బయటికి పెట్టినాను. నా పక్కనే నాయన బోడితల వచ్చింది. ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో చెన్నప్ప చిన్నాయన, పార భుజాన పెట్టుకుని, నోరు తెరుచుకుని. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇద్దరూ పక్కకి తిరిగినారు.

అత్త అప్పుడు లేచింది. ఇంక లేచి లాభమేముండాదో ఆ దేవుళ్లకే తెలియాల.

"అక్కా," అన్నాడు చిన్నాయన, మా నాయన కల్లా చూడకుండా, "ఎవురో వచ్చినట్లుండారు. నారు తొక్కినట్లుండారు."

"అక్కా," అన్నాడు నాయన గాలిమర కల్లా చూస్తా, "కావాలని తొక్కలేదని చెప్పు. ఆడ ట్రాక్టరు అగుపడతాంది. రవంత లాగుతారేమో అడుగు."

"అక్కా, ట్రాక్టరు నాదే. సొంతగాళ్లు సొంతంగా అడిగితే లాగుతానని చెప్పు."

"అక్కా, వయసులో పెద్దోళ్లు ఎవురో గుర్తు చేసుకోమను."

అత్త ఈ కొసకొకసారి, ఆ కొసకొకసారి తల తిప్పి తిప్పి చూసింది. నాయన తెరిచిన డబ్బాలు ఆమె మీదే ఒలికి, చీర కుచ్చిళ్ల నిండా కందిబేడలు, జుట్టు నిండా చింతపండు.

"నేనేమన్నా టెలిఫోను స్తంభమా?" అంది. "పదకొండేండ్లు మోసినాను మీ మాటలు. వాడేమంటాండాడని వీడు, వీడేమంటాండాడని వాడు. నా నడుములు పోయినాయి. ఇప్పుడు నన్ను దించేది ఉందా లేదా? దించకపోతే ఈడనే వంట చేసుకుని ఈడనే ఉంటాను. పొయ్యి బాగుండాది."

ఆ మాటకు ఇద్దరూ నిజంగా భయపడినారు. నాయన పడవ అంచు దాటి బురదలోకి దిగినాడు. మోకాటిదాకా దిగబడి, పక్కకు ఒరిగినాడు. చెన్నప్ప చిన్నాయన పార కింద పడేసి, ఒక్క అడుగులో వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకున్నాక వదలాలా వద్దా అని ఇద్దరికీ తెలీలేదు. అట్లే నిలబడినారు.

"నీ తలగుడ్డ యాడన్నా?" అని అడిగినాడు చిన్నాయన.

"చెరువులో పోయింది చెన్నప్పా." "పగ్గం ఉందేమిరా నీ కాడ?"

అంతే. పదకొండేండ్ల తర్వాత మాట్లాడిన మాటలు ఇవే. నేనైతే ఇంకేదన్నా గొప్పగా మాట్లాడుకుంటారేమోనని తెర కింద కూర్చుని కాచుకోనుంటిని. వాళ్లేమో పగ్గం మోకా, నైలానా అని తగువులాడుకుంటా ట్రాక్టరు కల్లా నడిచిపోయినారు.

చిన్నాయన పెండ్లాము పెద్ద చెంబు నిండా మజ్జిగ తెచ్చింది. అత్త గట్టు మీద కూర్చుని మూడు లోటాలు తాగింది. ట్రాక్టరు పడవను బురదలోంచి వెనక్కి లాగి నీళ్లలోకి తేల్చేసరికి, కట్ట మీద పరిగెత్తిన జనం కూడా చుట్టు తిరిగి చేరుకున్నారు. నాయన ఆ జనం ముందరే నన్ను చూసి అన్నాడు.

"పాపా, ముప్పయ్యో రోజు. సాయం లేకుండా కాలేదు."

"సాయం అడిగింది నువ్వు నాయనా. నేను అడగలేదు."

నాయన చిన్నాయన కల్లా చూసినాడు. చిన్నాయన తల ఊపి, "అది న్యాయమే అన్నా, నేను సాక్షి. నన్నడిగింది నువ్వే" అన్నాడు. పదకొండేండ్లు మాట్లాడని మనిషి, మాట కలిసిన మొదటి పొద్దే నా పక్క చేరినాడు. నాయన మీసం కింద మళ్ల ఏదో కదిలింది. ఈసారి ఆపుకోలేక నవ్వేసినాడు. తొక్కిన నారు మళ్ల నాటేది మాత్రం నేనే అని తీర్పు చెప్పినాడు. రెండు రోజులు నాటినాను. నా వరస చూసి చిన్నాయన, "ఇంత వంకర్లు లేకుండా నాటితే మడి సిగ్గుపడతాది పాపా, రవంత అటూ ఇటూ నాటు" అన్నాడు.

ఓబులేసన్న పుట్టితో లాగించుకుని పడవను పాత తావుకు తెచ్చుకున్నాను. అడకత్తెరతో కూర్చుని ముడులన్నీ తెంచినాను. ఆ దెబ్బకు అడకత్తెర మొండిదైపోయి, అత్తకు కొత్తది కొనివ్వాల్సి వచ్చింది. నాయన తెంచిన తాడు బదులు కొత్తది వేసి, తాళ్లన్నీ ఒక్క లాగుకు ఊడేటట్లు వదులుగా వేసుకున్నాను. అందం పోయింది గానీ ప్రాణం కుదుటపడింది.

నాలుగు రోజులు పోయినాయి. పొద్దున్నే పడవ తుడుచుకుంటాంటే ఓబులేసన్న పుట్టి వచ్చి పక్కన ఆగింది. అందులో మా అత్త. ఆమె వెనక ఇంకో ముగ్గురు అత్తలు, మంచి చీరలు కట్టుకుని, ఒళ్లో టిఫిను క్యారియర్లు పెట్టుకుని.

"ఏమే, తూర్పుగాలి వస్తాంది. తెర లేపు" అంది అత్త.

"ఏంటికత్తా?"

"చెన్నప్ప మడికాడికి పోవాల. వీళ్లు చూస్తామంటాండారు."

"అత్తా, ఆ పొద్దు నువ్వు దేవుళ్లందర్నీ పిలిచినావు కదా."

"పిలిచింది భయానికి కాదే. అంత స్పీడుగా నేనెప్పుడు పోయినాను?" అంటా అత్త పడవ ఎక్కి, అదే బల్ల మీద కుదురుగా కూర్చుని, వదులుగా వేలాడే నా తాళ్లకల్లా చూసి మొగం ముడుచుకుంది. "ఇదేందే ఈ అవతారం. ఆ పొద్దు పూలజడ మాదిరి ఎంత సింగారంగా ఉండె. ముందు అట్ల కట్టు. మేం కాచుకోనుంటాం."

కాబట్టి, నిండిన మా చెరువు మీద, మరవ పారిన గంగమ్మ మీద, మా అత్త పిలిచిన దేవుళ్లందరి మీద, పేరు మర్చిపోయిన ఆ చిన్న ఆంజనేయస్వామి మీద కూడా ప్రమాణం చేసి చెప్తాండాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ, పద్ధతనీ, అందమనీ, ఎవురో మెచ్చుకుంటారనీ, పడవలో ఒక్క తాడును కూడా ముడేసి కట్టను. వచ్చే జన్మ సంగతి అప్పుడు చూసుకుందాం. మా అత్తను లంగరు మీద మాత్రం ఏ జన్మలోనూ కూర్చోబెట్టను. ఆ పొద్దే ఆమెను లేపి, ఈ పక్క బల్ల మీదికి మార్చినాను. లేపడానికి నలుగురం పట్టినాం.